ఒక్క వాక్యంతో స్వతంత్రం: నార్వే ఓడల వ్యాపారి మికెల్సన్ కథ

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ఈరోజు నార్వేకి చెందిన క్రిస్టియన్ మికెల్సన్ గురించి చెప్తాను. ఈయన ఓడల వ్యాపారి, తర్వాత ప్రధానమంత్రి అయ్యారు, 1905లో స్వీడన్ నుంచి నార్వే విడిపోయినప్పుడు ముందుండి నడిపించింది ఈయనే. ఈయన పనిలో నాకు బాగా నచ్చింది ఒకే ఒక్క వాక్యం, దాన్ని ముక్కలు ముక్కలుగా విడదీసి చూపిస్తా, కానీ అంతకంటే ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

స్క్రీన్ మీద మ్యాప్ చూడండి, నార్వే పడమటి తీరంలో ఈ చుక్క ఉంది కదా, అది బెర్గెన్. మికెల్సన్ 1857లో ఇక్కడే పుట్టారు. లా చదివి లాయరుగా పనిచేసి, ఆ తర్వాత సొంత షిప్పింగ్ కంపెనీ పెట్టి బాగా సంపాదించారు. ఊరికి మేయర్‌గా చేశారు, పార్లమెంటుకి కూడా వెళ్ళారు, వాళ్ళ పార్లమెంటుని స్టోర్టింగ్ అంటారు.

ఇప్పుడు అసలు గొడవ. 1814 నుంచి నార్వేకీ స్వీడన్‌కీ ఒకరే రాజు. నార్వేకి సొంత రాజ్యాంగం, సొంత పార్లమెంటు, సొంత గవర్నమెంటు ఉన్నాయి, విదేశాంగ శాఖ మాత్రం స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ చేతిలో ఉండేది. ఐతే ఏంటి అనుకోకండి. పరాయి రేవులో సరుకు ఆగిపోయినా, ఓడలో పనిచేసేవాళ్ళకి జబ్బు చేసినా కెప్టెన్ పరిగెత్తేది కాన్సుల్ దగ్గరికే, అంటే ఆ ఊళ్ళో తన దేశం తరఫున ఉండే అధికారి దగ్గరికి. నార్వేలో అప్పటికి జనం 23 లక్షలే, కానీ సరుకు ఓడల్లో ప్రపంచంలోనే ముందు వరసలో ఉంది, స్వీడన్ కంటే చాలా ఎక్కువ ఓడలు. ఆ కాన్సుల్స్ ఏమో స్వీడన్ మంత్రి కింద. సొంత ఓడలున్న మనిషికి ఇది ఎంత పెద్ద విషయమో ఆలోచించండి, మికెల్సన్‌కి ఇది పుస్తకంలో చదివి తెలిసింది కాదు.

1905 మార్చిలో ఈయన ప్రధాని అయ్యారు. మాకు మా కాన్సుల్స్ కావాలి అని స్టోర్టింగ్ చట్టం చేసింది, మే 27న రాజు రెండో ఆస్కార్ సంతకం పెట్టను అన్నారు, వెంటనే మంత్రులందరూ రాజీనామా ఇచ్చేశారు. రాజు ఏమన్నారంటే, ఇప్పుడు వేరే గవర్నమెంటు ఏర్పాటు చేయడం కుదరదు కాబట్టి మీ రాజీనామా ఒప్పుకోను అన్నారు. మికెల్సన్ ఆ మాటనే పట్టుకున్నారు.

జూన్ 7న స్టోర్టింగ్ చేసిన తీర్మానం, ఇదే ఆ వాక్యం, నెమ్మదిగా చూద్దాం. మొదటి ముక్క, మంత్రులు రాజీనామా చేశారు. రెండో ముక్క, కొత్త గవర్నమెంటు ఇవ్వలేనని రాజుగారే చెప్పారు. మూడోది, కాబట్టి రాజ్యాంగం ప్రకారం రాజు అధికారం ఆగిపోయింది. నాలుగోది, అందుకని ఈ మంత్రులే తాత్కాలికంగా పాలన చూస్తారు, అవసరమైన మార్పులతో. ఆ మార్పులు ఎందుకూ అంటే, రాజు నార్వే రాజుగా పనిచేయడం ఆపేశారు గనక ఒకే రాజు కింద స్వీడన్‌తో ఉన్న యూనియన్ రద్దయిపోయింది గనక! చూశారా, అసలు సంగతి ఎక్కడో చివర్లో, కారణం చెప్పే ముక్కలో పెట్టారు. మేం విడిపోతున్నాం అని ఎక్కడా లేదు, ఆల్రెడీ విడిపోయాం అన్నట్టు రాశారు. స్టోర్టింగ్‌లో ఒక్కరు కూడా కాదనలేదు. నాకైతే ఇది ఎన్నిసార్లు చదివినా ఒళ్ళు పులకరిస్తుంది.

ఆగస్టు 13న జనాన్ని అడిగితే విడిపోవడానికి 368208 ఓట్లు, వద్దు అన్నవి 184. ఆడవాళ్ళకి అప్పుడు ఈ ఓటు లేదు, అయినా ఊరుకోకుండా దాదాపు రెండున్నర లక్షల సంతకాలు పోగుచేసి ఇచ్చారు, వాళ్ళ గురించి వేరే వీడియో చేయాలి అసలు. సెప్టెంబర్‌లో స్వీడన్‌లోని కార్ల్‌స్టాడ్ అనే ఊళ్ళో రెండు దేశాల మధ్య చర్చలు ముగిశాయి, యుద్ధం రాలేదు. నవంబర్‌లో ఇంకో ఓటింగ్ పెట్టి డెన్మార్క్ యువరాజు కార్ల్‌ని రాజుగా ఎంచుకున్నారు, ఆయనే ఏడో హాకోన్.

ఈ పాత ఫోటో చూడండి, నవంబర్ 25, ఓడ మీద కొత్త రాజు, ఆయన చేతుల్లో రెండేళ్ళ కొడుకు ఓలావ్, ఎదురుగా స్వాగతం చెప్తున్నది మికెల్సన్. 1907లో ఈయన పదవి వదిలేశారు, 1925లో చనిపోయారు. ఆస్తిలో ఎక్కువ భాగం పరిశోధనకి రాసిచ్చారు, దాంతోనే 1930లో బెర్గెన్‌లో ఆయన పేరు మీద సంస్థ మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. ఆయన కట్టుకున్న గామ్లెహౌగెన్ అనే ఇంటిని జనం చందాలు వేసుకుని మరీ దేశం కోసం కొన్నారు, రాజు కుటుంబం బెర్గెన్ వస్తే ఇప్పటికీ దిగేది ఆ ఇంట్లోనే.