డబ్బా మీది హెచ్చరిక, అంగిట్లో చుట్ట
(పర్లాకిమిడిలో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)

అమ్మలకు, అక్కలకు నమస్కారం.

పోయిన నెల మా పక్కింటి పిన్నిగారు ఒక డబ్బా పట్టుకుని గాభరాగా వచ్చారు. వేయించిన బాదంపప్పు. అమెరికా నుంచి కొడుకు పంపాడు. వెనకాల చిన్న గడి గీసి, అందులో కాన్సర్ అన్న మాట అచ్చువేశారు. "మనవడు గుప్పెడు తినేశాడు తల్లీ, ఏమవుతుంది?" అంటుంటే ఆవిడ చేతులు వణికాయి. ఆ టెన్షన్ నాకు అర్థమైంది. పసివాడు తిన్న డబ్బా మీద ఆ మాట చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది.

ఆ గడి అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు చట్టం పెట్టించింది. 1986లో అక్కడి ప్రజలు ఓటు వేసి తెచ్చుకున్నారు, ప్రాపొజిషన్ 65 అంటారు. ఆ చట్టం జాబితాలో 900కు పైగా రసాయనాలున్నాయి. లక్ష మంది 70 ఏళ్లపాటు రోజూ తీసుకుంటే వారిలో ఒక్కరికి అదనంగా కాన్సర్ రావచ్చు అన్నంత మోతాదు దాటితే హెచ్చరిక వేయాలి. వేయకపోతే ఒక్కో ఉల్లంఘనకు రోజుకు 2,500 డాలర్ల దాకా జరిమానా. కేసుల గొడవెందుకని, అవసరం ఉన్నా లేకున్నా వేసేసే కంపెనీలున్నాయి.

బాదంలో ఉన్నది ఆక్రిలమైడ్ అనే రసాయనం. అది తిండిలో ఉందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ఎవరో కలిపింది కాదు, వేడికి దానంతటదే పుడుతుంది. మన బంగాళాదుంప వేపుడులోనూ ఉంటుంది, కాఫీలోనూ ఉంటుంది. కాఫీకి ఆ రాష్ట్రమే 2019లో మినహాయింపు ఇచ్చింది. వేపుడు మాడనివ్వకుండా బంగారు రంగులో దించుకోండి. గుప్పెడు బాదం తిన్న పిల్లాడి కోసం నిద్ర మానుకోకండి.

2023లో డైట్ కూల్‌డ్రింకుల్లో చక్కెర బదులు వాడే ఆస్పర్టేమ్ మీద కూడా ఇలాంటి గోలే అయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లు దాన్ని కాన్సర్ తేవచ్చునేమో అన్న జాబితాలో చేర్చారు. అదే సమయంలో, 70 కిలోల మనిషి రోజుకు 9 నుంచి 14 డబ్బాలకు మించి తాగితే తప్ప పరిమితి దాటదని కూడా చెప్పారు. రెండో మాట మన ఫోన్లదాకా రాలేదు. ఒక వస్తువు కాన్సర్ తేగలదా అన్నది ఒక ప్రశ్న, నేను తీసుకునే మోతాదుకు ఎంత ముప్పు అన్నది ఇంకో ప్రశ్న. రెండోది తప్పకుండా అడగండి.

ఇక మా పెద్దమ్మ సంగతి. ఏటి అవతల, పాతపట్నం దగ్గర పల్లె. అడ్డపొగ తాగేది. చుట్టకు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, గంటల తరబడి నాట్లు వేసేది. గాలికి చుట్ట ఆరిపోదని అలా పట్టింది. అంగిలి తెల్లగా పాలిపోయి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. నొప్పి లేదు కదా అని ఎవరమూ పట్టించుకోలేదు. పుండు పడి, అది కాన్సర్ అని తేలేసరికి గంజి కూడా మింగలేకపోయింది. ఆవిడ కొన్న చుట్టల కట్టకు దారం తప్ప ఏ హెచ్చరికా ఉండేది కాదు. అందుకే ఆ బాదం డబ్బా చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

పొగాకు విషయంలో శాస్త్రానికి అనుమానం లేదు. ముప్పూ చిన్నది కాదు. చుట్ట, ఖైనీ, పళ్లకు రుద్దుకునే గుడాకు, అన్నీ పొగాకే. వక్క ఒక్కటే నమిలినా కాన్సర్ కారకమే.

ఈ రాత్రి ఇంట్లో పెద్దవాళ్ల నోట్లో టార్చి వేసి అంగిలి, బుగ్గల లోపల, నాలుక కింద చూడండి. తెల్ల మచ్చగానీ, రెండు వారాలైనా మానని పుండుగానీ కనిపిస్తే, నొప్పి లేకపోయినా సరే, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. తోడు కావాలంటే నన్ను పిలవండి, నేనూ వస్తాను.