అతికించి తప్పుకునే లోహం

(నల్లగొండ స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమం. పాల్గొన్నవారు: నల్లగొండలో డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ అధ్యాపకురాలు, మందుల తయారీలో పాతికేళ్ళు పనిచేసి రిటైరైన ప్రాసెస్ కెమిస్ట్, మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఎమ్మెస్సీ విద్యార్థిని.)

వ్యాఖ్యాత: నమస్కారం. విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ దాటుతుంటే, అటు జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ ముందు నుంచి పోతుంటే మందుల కంపెనీల గేట్లు కనబడతయి. లోపల రియాక్టర్లలో ఏం జరుగుతదో మనకు తెలిసింది తక్కువ. మేడమ్, మందుబిళ్ళకూ పల్లాడియం లాంటి లోహానికీ ఏం సంబంధం?

అధ్యాపకురాలు: బీపీకి వాడే లోసార్టాన్ తీసుకోండి. అందులో రెండు బెంజీన్ వలయాలు ఒకే ఒక్క కార్బన్–కార్బన్ బంధంతో పక్కపక్కన ఉంటాయి. చూడ్డానికి చిన్న బంధమే, వేయడమే కష్టం. వలయం మీదున్న బ్రోమిన్ మామూలు చర్యలకు కదలదు. మెగ్నీషియంతో చేసే గ్రిగ్నార్డ్ కారకంతో వెళ్దామంటే అది తడి తగిలితే పాడవుతుంది, అణువులో కీటోన్ ఉంటే దాని మీదా పడుతుంది. మెర్క్ కంపెనీ కెమిస్టులు లోసార్టాన్‌లోని ఆ బంధాన్ని సుజుకి చర్యతో వేశారు. ఒకవైపు బ్రోమిన్ ఉన్న ముక్క, ఇంకోవైపు బోరానిక్ ఆమ్లం, అంటే బోరాన్ తగిలించిన గుంపు ఉన్న ముక్క, మధ్యలో కొద్దిగా పల్లాడియం. బోరానిక్ ఆమ్లం నీళ్ళకు బెదరదు, అణువులోని మిగతా పరమాణు గుంపుల జోలికి పోదు. అందుకే 1979లో సుజుకి, మియౌరా బయటపెట్టిన ఈ పద్ధతి ఫ్యాక్టరీల దాకా వచ్చింది. 2010 నోబెల్ హెక్, నెగిషి, సుజుకి ముగ్గురికీ కలిపి ఇచ్చింది పల్లాడియంతో చేసే ఈ తరహా చర్యలకే.

వ్యాఖ్యాత: మధ్యలో ఉన్న పల్లాడియం చేసే పనేంది?

అధ్యాపకురాలు: మాది పోచంపల్లి. మగ్గం మీద పాత పడుగు అయిపోయి కొత్తది ఎక్కించేటప్పుడు పోగుకు పోగు అతకాలి. మా అమ్మ వేళ్ళకు కాస్త బూడిద అద్దుకొని, పాత పోగు కొస ఒక వేలి కింద, కొత్త పోగు కొస ఇంకో వేలి కింద పట్టి ఒక్క మెలి తిప్పేది. అతుకు పడగానే వేళ్ళు తర్వాతి పోగు మీదికి పోయేవి. చీర మొత్తంలో ఆమె వేలు ఎక్కడా ఉండదు. పల్లాడియం చేసేదీ ఇదే. ముందు కార్బన్–బ్రోమిన్ మధ్యలో దూరి ఒక ముక్కను పట్టుకుంటుంది. బోరాన్ దగ్గరున్న ముక్కను తన మీదికి తెచ్చుకుంటుంది. రెండూ ఒకే లోహం మీద పక్కపక్కన కూర్చున్నాక వాటిని కలిపి వదిలేస్తుంది. మళ్ళీ మొదట ఉన్నట్టే, సున్నా స్థితిలో, అంటే ఏ ఆవేశమూ లేకుండా బయటికొచ్చి ఇంకో జంటను పట్టుకుంటుంది.

విద్యార్థిని: మేం పరీక్షలో ఈ చక్రం గీస్తం మేడమ్, బాణాలతోని. నాకు నచ్చింది కూడా. కానీ ఒక కంపెనీ ఇంటర్వ్యూల చక్రం అడగలేదు. "చర్య అయిపోయింది, పల్లాడియం ఎట్ల తీస్తవు?" అన్నరు. నేను నోరు తెరవలేకపోయిన. మా పుస్తకంల ఆ మాటే లేదు.

కెమిస్ట్: వాళ్ళు సరైన ప్రశ్నే అడిగిన్రు బిడ్డా. నేను ఇంటర్వ్యూ చేసినా అదే అడుగుత. నోటి ద్వారా వేసుకునే మందుల్లో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు దాటొద్దని అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉన్నది. మనిషి రోజుకు 10 గ్రాముల మందు తింటడనుకొని లెక్కేస్తే 10 పీపీఎం, పది లక్షల భాగాలల్ల పది. అంటే 100 కిలోల బ్యాచ్‌ల ఒక్క గ్రాము. ఆ లెక్క కోసం మేం ఎన్ని రాత్రులు కూర్చున్నమో!

వ్యాఖ్యాత: అంత కష్టమా సార్?

కెమిస్ట్: ఒక బ్యాచ్ చెప్త. టెట్రాకిస్ అని పల్లాడియం ఉత్ప్రేరకం, అంటే చర్యను నడిపించి తాను ఖర్చుగాని పదార్థం. నిమ్మపండు రంగు పొడి. గాలి తగిలితే ముదురుతది. ఆ రోజు నైట్రోజన్ సరిగ్గ పట్టించలేదు, తొందర పడ్డం. గంట గడిచేసరికి ద్రావణం గోధుమరంగు, తర్వాత రియాక్టర్ అద్దం వెనక నల్లటి మసి. పల్లాడియం బ్లాక్ అంటరు దాన్ని. లోహం అణువులుగా ఉండకుండ ఒకదానికొకటి అంటుకొని ముద్దగట్టినట్టు. ఇగ అది పని చెయ్యది. ద్రావణంల ఏమేం ఉన్నయో మచ్చలుగ విడదీసి చూపే టీఎల్‌సీ ప్లేటు యూవీ లైటు కింద పెడితే బ్రోమిన్ ముక్క మచ్చ అట్లనే ఉన్నది, పైన కొత్త మచ్చ ఒకటి. ఆక్సిజన్ వల్ల బోరానిక్ ఆమ్లం తనతో తానే అతుక్కున్నది. ఆ జంట అణువును పైకి తేలిన మీగడ తీసినట్టు తీయలేం, స్ఫటికాలల్ల మందుతో కలిసి కూసుంటది.

విద్యార్థిని: మరి పల్లాడియం ఎట్ల తీస్తరు సార్?

కెమిస్ట్: ముందు కార్బన్‌తో, అంటే బొగ్గుపొడితో తిప్పి వడబోస్తం. పల్లాడియానికి గంధకం అంటే ప్రాణం, అందుకే గంధకం గుంపులు అతికించిన సిలికా వేస్తం, లేకుంటే సిస్టీన్ లాంటి అమైనో ఆమ్లంతో నీళ్ళల్లకు లాగుతం. ఆఖరికి సరైన సాల్వెంట్‌ల, అంటే కరిగించే ద్రవంల స్ఫటికీకరణ. ఒక మందుకు పనిచేసింది ఇంకోదానికి చెయ్యది. మందు అణువుల్ల నైట్రోజన్, గంధకం ఉంటే అవి కూడ లోహాన్ని గట్టిగ పట్టుకుంటయి గద.

వ్యాఖ్యాత: చౌటుప్పల్ మండలం నుంచి ఒక రైతు ఫోన్‌లో ఉన్నరు. అడుగుండ్రి పెద్దాయనా.

కాలర్: ఈ లోహమంత మా బోర్లలకే వస్తున్నదా?

కెమిస్ట్: పల్లాడియం రాదు పెద్దాయనా. చాలా ఖరీదైన లోహం, ఎక్కువగా రష్యా, దక్షిణాఫ్రికా గనుల నుంచి వస్తది. వడబోసిన కార్బన్‌ను కూడ మళ్ళీ లోహం తీసేటోళ్ళకు పంపుతరు. మీరు భయపడవలసింది వేరే. ఈ చర్యలల్ల టొల్యూన్, డీఎంఎఫ్ లాంటి సాల్వెంట్లుంటయి, బోరాన్ లవణాలుంటయి, ఉప్పునీళ్ళుంటయి. వాటిని గేటు లోపలే శుద్ధి చెయ్యాలె, ఆవిరి చెయ్యాలె. చెయ్యకుండ వదిలితే అది తప్పే. నేను ఆ పరిశ్రమల అన్నం తిన్నోణ్ణే అయినా ఆ మాట దాయను.

అధ్యాపకురాలు: ఒక్కటి చేరుస్తాను. ఉత్ప్రేరకం లేని పాత పద్ధతుల్లో ఎన్నోసార్లు లోహాన్ని ముక్కతో సమానంగా పోయాల్సి వచ్చేది. ఇప్పుడు నూటికి ఒకటి, అంతకన్నా తక్కువతో అవుతోంది. పల్లాడియం ధర చూసి నికెల్ వైపు కూడా మళ్ళీ చూస్తున్నారు. నిజానికి 1972లో జపాన్ కెమిస్ట్ కుమద ఇలాంటి బంధం వేసింది నికెల్‌తోనే. అయితే నికెల్ ఆక్సిజన్‌కు ఇంకా సున్నితం, ఒంటికీ మంచిది కాదు. కాబట్టి తీసేసే పని తప్పదు.

విద్యార్థిని: సార్, వడబోసినంక ద్రావణం నీళ్ళలెక్క తేటగుంటే పల్లాడియం పోయినట్టేనా?

కెమిస్ట్: కాదు బిడ్డా. నల్లగా కనబడేది ముద్దగట్టిందే. కరిగిన లోహం ఎంత తేటగున్నా ఉంటది. లోహం ఎంతున్నదో కొలిచే ఐసీపీ–ఎంఎస్ యంత్రంల పెట్టి అంకె చూడాలె. మాకు ఒకసారి తళతళలాడే తెల్లటి పొడి వచ్చింది, అందరం సంబురపడ్డం. రిపోర్టు చూస్తే 40 పీపీఎం.

విద్యార్థిని: అప్పుడు ఏం చేసిన్రు?

కెమిస్ట్: మళ్ళీ కరిగించినం.