ఆగాల్సిన చోటు, పీకాల్సిన చోటు

అందరికీ నమస్కారం.

పెరట్లో నాలుగు పాదులు పెట్టగానే ఎవరో ఒకరు వచ్చి తోట ఓర్పు నేర్పుతుందని చెప్పి వెళ్తారు. ఆ మాట నేను సగమే ఒప్పుకుంటాను. ఓర్పు పట్టి కూర్చుంటే పంట మొత్తం పోయే సందర్భాలు కూడా ఉన్నాయి.

ముందు ఆ ఒప్పుకునే సగం గురించి చెబుతాను. వానాకాలంలో నాకు తరచూ వచ్చే ఫోను ఇది: "బీర పందిరి నిండా పూలే. ఒక్క పిందె లేదు. అన్నీ రాలిపోతున్నాయి. ఏ మందు కొట్టాలి?" ఏ మందూ అక్కర్లేదు. బీర, సొర, కాకర, గుమ్మడి తీగల్లో మగపూలు వేరు, ఆడపూలు వేరు. సాధారణంగా మగపూలే ముందు వస్తాయి. విచ్చుకున్నాక వాటి పని అయిపోయి రాలిపోతాయి. ఆడపువ్వు వెనకాల వస్తుంది, రేకుల కింద లేత పిందెను మోసుకుంటూ. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది కాబట్టి ఆ వేళ పందిరి కింద నిలబడి చూడండి. పురుగులు తిరగడం లేదనిపిస్తే ఒక మగపువ్వు తెంపి, రేకులు ఒలిచి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. అంతే. ఇదేదీ చూడకుండా కంగారుపడి గుప్పెడు యూరియా చల్లినవాళ్లకు ఆకు విరగబడి వస్తుంది, కాయ ఇంకా వెనకపడుతుంది.

చిక్కుడుది వేరే కథ. ఆషాఢంలో విత్తిన పాత రకం పందిరి చిక్కుడు దసరా దాకా తీగ సాగడం తప్ప ఏమీ చేయదు. పగలు తగ్గి రాత్రి పెరిగితేనే దానికి పూత. అందుకే సంక్రాంతికి చిక్కుడు విరగకాస్తుంది, రథసప్తమి నాటికి కాయలతో రథం కట్టడానికీ, ఆకుల్లో పరమాన్నం పెట్టడానికీ లోటుండదు. పగటి నిడివితో పనిలేకుండా కాసే రకాలూ ఉన్నాయి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్క జయ్, అర్క విజయ్ అనే పొద చిక్కుళ్లను తెచ్చింది. తొందరగా కాయ కావాలంటే అవి వేసుకోవాలి. అంతేగానీ పందిరి చిక్కుడు వేసి, శ్రావణంలోనే కాయలేవని దాన్ని తిట్టడం న్యాయం కాదు. ఇళ్లలో మనం చేసేది ఇంచుమించు ఇదే. అక్కకు చదువు పూర్తవుతూనే ఉద్యోగం వచ్చిందని తమ్ముణ్ని అన్నం దగ్గర దెప్పుతుంటాం.

ఇక ఒప్పుకోని సగం. బెండ ఆకుల్లో ఈనెలు పసుపు పచ్చగా మారుతున్నాయంటే అది పల్లాకు తెగులు. వైరస్ వల్ల వస్తుంది, తెల్లదోమ మోసుకెళ్తుంది. సోకిన మొక్కను బాగుచేసే మందు లేదు. "పాపం, రెండు కాయలు కాసింది, ఇంకో వారం చూద్దాం" అని జాలిపడితే ఆ వారంలో దోమ పక్క మొక్కలకు అంటిస్తుంది. వేళ్లతో సహా పీకి తోటకు దూరంగా తగలబెట్టాలి. ఇంట్లో కుర్రవాడికి తాగుడు అలవాటైతే "పెళ్లయితే వాడే మారతాడు" అని ఎదురుచూసిన కుటుంబాలను మీరూ చూసే ఉంటారు. నవ్వకండి, మనిషిని పీకి పారేయమనడం లేదు. అలవాటును మొదటి ఆకులోనే పట్టుకోమంటున్నాను.

మరి ఎక్కడ ఆగాలి, ఎక్కడ పీకాలి? దానికి సూత్రం లేదు, దగ్గరికి వెళ్లి చూడటమే. అక్షింతల పురుగునే తీసుకోండి. వంగ ఆకు మీద గుండ్రంగా, నల్ల చుక్కలతో కనబడుతుంది. ఆ పేరుతో పిలిచేవాటిలో మిత్రుడూ ఉంది, శత్రువూ ఉంది. నిగనిగలాడే పెంకుతో ఉండేది సాధారణంగా పేనుబంకను, అంటే మొక్క రసం పీల్చే చిన్న పురుగుల్ని, తినిపెట్టే మిత్రురాలు. శత్రువు కాస్త మసకగా, సన్నటి నూగుతో, 28 చుక్కలతో ఉంటుంది. దాని పిల్లపురుగు పసుపు రంగులో, ఒంటినిండా ముళ్లతో ఆకు అడుగున చేరి పచ్చదనాన్ని గోకేస్తుంది, ఈనెలే మిగులుతాయి. మిత్రుల పిల్లలు చూడ్డానికి తల్లికంటే భయంకరంగా ఉంటాయి. నల్లగా, నారింజ మచ్చలతో, మొసలి పిల్లల్లా పాకుతాయి. అందుకే చాలామంది ముందు వాటినే నలిపేస్తారు. తోటకు కాపలా కాసేవాటిని మనమే చంపి, ఆపైన పేనుబంక తగ్గడం లేదని దుకాణానికి పరుగెడతాం. రూపం చూసి మనుషుల్ని కొలిచే అలవాటు మనకు బజారులోనే కాదు, పెరట్లోనూ ఉంది.

హాలు బయట బల్ల మీద రెండు వంగ ఆకులు, ఒక భూతద్దం పెట్టాను. ఆకులు తిప్పి అడుగున చూడండి. ఏది దేని పనో మీరు చెప్పాకే ప్రశ్నలకు వద్దాం.