ఒహాయో చలిలో ఒక చిన్న వాల్వ్: మా గ్యారేజీలో మూడు వారాంతాలు

నమస్కారం. కొలంబస్‌లో ఈ శనివారం ఉదయం వాకిట్లో మంచు గడ్డకట్టి ఉంది. ఇంట్లో వాళ్లు ఇంకా నిద్ర లేవలేదు. గ్యారేజీలో నా చిన్న లేత్ మిషన్ తిరుగుతోంది, పక్కన హీటరు మూలుగుతోంది. నా పీసీపీ ఎయిర్ రైఫిల్‌కు (ముందే ట్యాంకులో నింపిన గాలితో గుండును తోసే తుపాకీకి) సొంతంగా చేసుకుంటున్న బ్యాలెన్స్‌డ్ వాల్వ్ గురించి ఈ వీడియోలో చెబుతాను.

ముందు సమస్య ఏమిటో చూద్దాం. ట్యాంకులో గాలి 200 బార్ ఒత్తిడితో, అంటే బయటి గాలికి దాదాపు 200 రెట్ల ఒత్తిడితో ఉంటుంది. మామూలు వాల్వ్‌ను మూసి ఉంచేది వెనకాల ఉన్న స్ప్రింగ్ కాదు, ప్రధానంగా ఆ గాలే. నా వాల్వ్ సీటు, అంటే వాల్వ్ తల ఆనుకుని గాలిని ఆపే చోటు, వ్యాసం 9 మిల్లీమీటర్లు, అంటే దాని వైశాల్యం సుమారు 63.6 చదరపు మిల్లీమీటర్లు. 200 బార్ దగ్గర ఆ వైశాల్యం మీద పడే బరువు దాదాపు 130 కిలోలు. ట్రిగ్గరు నొక్కినప్పుడు రైఫిల్ లోపలి సుత్తి వెళ్లి వాల్వ్ కాడను కొట్టి, అంత బరువును ఒక్క క్షణం వెనక్కి నెట్టాలి. అందుకే గట్టి స్ప్రింగు, బరువైన సుత్తి, కాకింగ్‌కు (సుత్తిని వెనక్కి లాగి నిలపడానికి) భుజబలం కావలసి వస్తాయి. పైగా ఆ దెబ్బకు రైఫిలే అదురుతుంది.

బ్యాలెన్స్‌డ్ వాల్వ్‌లో ఉపాయం సులువైనదే. వాల్వ్ తోకను 8 మిల్లీమీటర్ల పిస్టన్‌గా చేసి ఒక స్లీవ్‌లో, అంటే గొట్టంలాంటి తొడుగులో, కూర్చోబెడతాం. పిస్టన్ వెనుక ఉన్న గదిలోకి ట్యాంకు గాలి రాకుండా ఓ-రింగ్ అనే రబ్బరు ఉంగరం ఆపుతుంది. ఆ గదికి కాడ గుండా సన్నని రంధ్రం ఉండి బ్యారెల్ వైపు తెరుచుకుంటుంది కాబట్టి, వాల్వ్ మూసి ఉన్నంతసేపూ అక్కడ బయటి గాలి ఒత్తిడే ఉంటుంది. ఇక ట్యాంకు గాలి నెట్టగలిగేది 9, 8 మిల్లీమీటర్ల వృత్తాల మధ్య మిగిలిన 13 చదరపు మిల్లీమీటర్ల మీదే. 130 కిలోలు కాస్తా 27కు దిగుతాయి. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ పేరుతో వచ్చిన పాత కార్నిష్ ఆవిరి ఇంజన్లలోని డబుల్ బీట్ (రెండు సీట్లున్న) వాల్వ్‌లు ఎదురెదురు ఒత్తిళ్లను ఒకదానితో ఒకటి రద్దు చేసుకొని, చిన్న బలానికే తెరుచుకునేవి.

ఆ సన్నని రంధ్రానికి ఇంకో పని కూడా ఉంది, నాకు ఈ డిజైన్‌లో అన్నిటికన్నా నచ్చింది అదే. వాల్వ్ తెరుచుకోగానే బ్యారెల్ వైపు పెరిగిన ఒత్తిడి అదే దారిలో వెనుక గదిలోకి చేరి వాల్వ్‌ను తిరిగి మూసేస్తుంది. రంధ్రం పెద్దదైతే త్వరగా మూస్తుంది, సన్ననిదైతే నెమ్మదిగా మూస్తుంది. నేను 1.2 మిల్లీమీటర్ల డ్రిల్ వాడాను. 4 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ కాడలో 30 మిల్లీమీటర్ల లోతుకు దాన్ని దింపడం ఓపిక పని. మిల్లీమీటరు దిగగానే బయటికి తీసి, వెంట్రుకలాంటి రజను తుడిచి, నూనె చుక్క వేసి మళ్లీ దింపాలి. మొదటి కాడలో 22వ మిల్లీమీటరు దగ్గర డ్రిల్ విరిగి లోపలే ఉండిపోయింది. మా మేనమామ బాలానగర్‌లో ముప్పై ఏళ్లు లేత్ షాపు నడిపారు. వీడియో కాల్‌లో ఆ ముక్క చూసి, “చేతికి బరువు తెలిసిందంటే అప్పటికే ఆలస్యమైందిరా అల్లుడూ, డ్రిల్ చప్పుడు వినాలి” అన్నారు. రెండో కాడ చేసేటప్పుడు హీటరు కట్టేసి, చప్పుడు వింటూ చేశాను.

అసలు తప్పు మాత్రం కాగితం మీదే జరిగింది. ఎంత బ్యాలెన్స్ చేస్తే అంత మేలనుకొని మొదట పిస్టన్‌ను 8.7 మిల్లీమీటర్లకు గీశాను. మూసి ఉంచే బలం ఎనిమిదిన్నర కిలోలకు తగ్గింది. చాలా గొప్ప డిజైననుకున్నాను. గాలి నింపగానే బ్యారెల్ మూతి నుంచి సన్నగా బుసకొట్టడం మొదలుపెట్టింది. తీరిగ్గా లెక్క వేస్తే కారణం తెలిసింది. సీటు అంచు వెడల్పు 0.3 మిల్లీమీటర్లు, దాని వైశాల్యం ఎనిమిదిన్నర చదరపు మిల్లీమీటర్లు. ఎనిమిదిన్నర కిలోలను దాని మీద పరిస్తే వచ్చే ఒత్తిడి దాదాపు 98 బార్. ఆపవలసిన గాలి 200 బార్. అంచు మీది ఒత్తిడి గాలి ఒత్తిడి కన్నా తక్కువైనప్పుడు గాలి దూరక ఏం చేస్తుంది? పిస్టన్‌ను, స్లీవ్‌ను 8 మిల్లీమీటర్లకు మళ్లీ చేశాక అదే అంచు మీద 300 బార్ దాటింది, బుస ఆగిపోయింది.

సీటును, స్లీవ్ లోపలి రంధ్రాన్ని లేత్ చక్‌లోంచి (ముక్కను పట్టుకునే భాగంలోంచి) తీయకుండా ఒకే సెట్టింగ్‌లో చేశాను, ఎందుకంటే ఆ రెండింటి కేంద్రాలు తప్పితే పీక్ (PEEK) అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన వాల్వ్ తల ఒక పక్కే ఆనుతుంది. ఓ-రింగ్ మందం 1.78 మిల్లీమీటర్లు, దాని గాడి లోతు 1.5. ఆ మాత్రం నొక్కు చాలు, ఎక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. పూసింది సిలికోన్ గ్రీజు. పెట్రోలియం గ్రీజు ఇంత ఒత్తిడి గాలిలో అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి దాన్ని దగ్గరికి రానివ్వను. గాలి నింపేముందు నీటితో 300 బార్ వరకు పరీక్షించాను. నీరు దాదాపు కుంచించుకుపోదు కనుక, ఏదైనా పగిలినా గాలిలాగా పేలదు. ఇక చట్టం సంగతి: అమెరికా ఫెడరల్ చట్టంలో ఎయిర్‌గన్ ఫైర్‌ఆర్మ్ (చట్టం లెక్కలో తుపాకీ) కాదు, న్యూజెర్సీలో మాత్రం అవుతుంది. మీరున్న చోట ఏముందో ముందుగా చూసుకోండి.

నిన్న రాత్రి 200 బార్ నింపి పడుకున్నాను. పొద్దున చూస్తే గేజ్ ముల్లు 190 దగ్గర ఉంది. గుండె జారిపోయింది. ఇన్ని వారాల పనీ మళ్లీ మొదటికొచ్చిందనుకున్నాను. తర్వాత గోడ మీది థర్మామీటరు కనిపించింది. రాత్రి 20 డిగ్రీల సెల్సియస్ ఉన్న గ్యారేజీ తెల్లారేసరికి 5కు దిగింది. ఆ చలి ఒక్కటే గాలి ఒత్తిడిని నూటికి ఐదు పాళ్లు తగ్గిస్తుంది, అంటే సరిగ్గా ఆ పది బార్లు. హీటరు వేసి రెండు గంటలుగా ఎదురుచూస్తున్నాను. ఇప్పుడే కెమెరా దగ్గరికి తెస్తున్నాను చూడండి, ముల్లు మళ్లీ 200 మీద నిలిచింది. పాత గట్టి స్ప్రింగును తీసి బల్ల మీద పెట్టాను.