వేషం లేని రోజులు

(తిరుపతిలో యువ నటుల శిక్షణ శిబిరం చివరి రోజున చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఈ పది రోజులూ మీకు నటన నేర్పినవాళ్ళు నాకన్నా బాగా చదువుకున్నవాళ్ళు. నేనేం చెప్పాలని నిర్వాహకుల్ని అడిగితే, "ఇరవై ఆరేళ్ళుగా దీని మీదే బతుకుతున్నారు కదా సార్, అదెట్లాగో చెప్పండి" అన్నారు. ఆ ఒక్కటే చెబుతాను.

మాది చంద్రగిరి పక్కన పల్లె. ఎండాకాలం వస్తే ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగేది. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. మీలో చాలామంది మీ ఊళ్ళలో చూసే ఉంటారు. అర్జునుడు తపస్సు మాను, అంటే తపస్సు కోసం నాటే ఎత్తైన మాను, ఎక్కే రోజున చుట్టుపక్కల పల్లెలన్నీ అక్కడే ఉండేవి. మా ఊళ్ళో అర్జునుడి వేషం కట్టే పెద్దాయనను మేమంతా మామా అని పిలిచేవాళ్ళం. ఆయన ఒక్కో మెట్టుకీ ఆగి పద్యం అందుకుంటూ పైకి పోయేవాడు. కింద పిల్లల్లేని ఆడవాళ్ళు తడిబట్టలతో సాష్టాంగపడి ఉండేవాళ్ళు. పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయ కోసం కొంగు పట్టేవాళ్ళు. అంత ఎత్తున, అంత ఎండలో, ఆయన గొంతు ఒక్కసారి కూడా వణకలేదు.

నాకప్పుడు పన్నెండేళ్ళు. ఎప్పుడు ప్రాక్టీస్ చేస్తావు మామా అని అడిగాను. ఆయన మామిడితోటల్లో కాయ దింపే కూలీ. చెట్టు మీద ఉన్నంతసేపూ పద్యం పాడుతూనే ఉంటాడని తోటవాళ్ళు చెప్పారు. ఆయన నాతో అన్నది ఇంతే: "ఒక దినం ఎక్కాలంటే ఏడాదంతా ఎక్కతా ఉండాల గదరా అబ్బయా."

1999లో హైదరాబాదు పోయాను. కృష్ణానగర్‌లో ఒక గదిలో నలుగురం. అప్పటినుంచి ఒక అలవాటు పెట్టుకున్నాను. పని దొరికిన ప్రతి రోజునీ నోటుబుక్కులో రాసుకుంటాను. మొదటి ఏడాది మొత్తం 19 రోజులు. పోయిన ఏడాది 94 రోజులు. జనం నన్ను గుర్తుపట్టి సెల్ఫీలు అడిగే ఈ కాలంలో కూడా 94 రోజులే. మిగిలిన 271 రోజులూ నేను ఖాళీ. దాదాపు మా అందరిదీ ఇదే లెక్క. ఆ 271 రోజుల్ని ఎట్లా గడుపుతామన్నదే మా వృత్తి. నేను హైదరాబాదు వెళ్ళిన ఏడాది నాతోపాటు వచ్చినవాళ్ళలో నాకన్నా మంచి నటులు ముగ్గురున్నారు. వాళ్ళు నటన రాక వెనక్కి రాలేదు. ఫోన్ మోగని నెలల్ని తట్టుకోలేక వచ్చేశారు. వాళ్ళను తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఖాళీగా ఉన్నా నేను పొద్దున ఐదున్నరకి లేస్తాను. ముప్పావుగంట గొంతు పని. ముందు శ్వాస, తర్వాత నాలుగు పద్యాలు బయటికి వినపడేలా చదువుతాను. పద్యం ఎందుకంటే, ఊపిరి ఎక్కడ తీయాలో దానంత కచ్చితంగా నేర్పేది ఇంకోటి లేదు. ఒక రౌద్రం సీనులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పీకతో అరిచి, మర్నాడు మాట పెగలక డైలాగు సీను పోగొట్టుకున్నాను. కడుపులోనుంచి పలకడం అప్పుడు మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాను.

తర్వాత మనుషుల్ని చూడటం. ఇందులో మీకున్న అదృష్టం హైదరాబాదు వాళ్ళకి లేదు. దేశంలోని అన్ని మూలలనుంచీ జనం రోజూ మన ఊరికి వస్తారు. అలిపిరి నుంచి తిరుమల కొండకి మెట్లు 3,550. మోకాళ్ళ పర్వతం దగ్గర ఒక గంట కూర్చోండి. మొక్కు తీర్చుకునేవాళ్ళు, పసిపిల్లను భుజాన వేసుకున్నవాళ్ళు, సగంలో అలిగి కూర్చున్న మొగుడు. ఒకసారి కళ్యాణకట్ట బయట ఒకామె తలనీలాలు ఇచ్చి వస్తోంది. ఎవరో పిలిస్తే అటు తిరుగుతూ ముడి సవరించుకోవడానికి చెయ్యి మెడ వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ జుట్టు లేదు. చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగి, నెమ్మదిగా చెవిపోగు దగ్గరికొచ్చి దాన్ని సర్దింది. అంతే. ఆరేళ్ళ తర్వాత కొడుకును పోగొట్టుకున్న తండ్రి పాత్ర వచ్చింది. కొడుకు చెప్పులుండే చోటికి చెయ్యి పోయి ఆగాలి. నాకు ఆమె చెయ్యి గుర్తొచ్చింది. ఆ షాట్ ఒక్క టేకులో ఓకే అయింది.

ఇక డబ్బు. దీని గురించి నటులు సిగ్గుపడి మాట్లాడరు, మాట్లాడాలి.

ఒక సీరియల్‌లో రెండేళ్ళు బాబాయ్ పాత్ర చేశాను. నెలకు పది, పన్నెండు రోజులు పని. మొదటిసారి ఇంటికి లెక్కగా డబ్బు పంపాను, ఈఎంఐలో కారు కొన్నాను. ఒకరోజు సెట్లో ఆర్ట్ అసిస్టెంట్ వచ్చి "అన్నా, మంచి ఫోటో ఒకటుంటే వాట్సాప్ చేయవా" అన్నాడు. పంపాను. మర్నాడు మేకప్ వేసుకుని హాల్ సెట్లోకి పోతే, గోడ మీద నా ఫోటో. గంధపుచెక్కల దండ వేసి, కింద చిన్న బల్బు పెట్టి ఉంది. నా పాత్ర యాక్సిడెంట్లో చనిపోయిందని నాకు ఆ ఫోటో చూశాకే తెలిసింది. ఎవరి మీదా కోపం లేదు, కథ అట్లా మలుపు తిరిగింది. కానీ ఇంకా 41 నెలల ఈఎంఐ ఉంది. ఆ తర్వాత ఏడు నెలలు నాకు పని లేదు.

అందుకే చెబుతున్నాను. పేమెంటు వచ్చిన రోజునే మూడో వంతు పక్కన పెట్టండి. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండేదాకా ఏ వస్తువూ అప్పులో కొనొద్దు. మన పేమెంటులో వృత్తి ఫీజు కింద 10 శాతం టీడీఎస్, అంటే ముందుగానే పన్ను, పట్టుకుంటారు. మీ మొత్తం ఆదాయం పన్ను పడనంత తక్కువైతే, రిటర్న్ వేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. నేను మూడేళ్ళు వేయకుండా ఊరుకున్నాను.

ఈ మాట చెప్పేటప్పుడు చిత్తూరు నాగయ్య గారిని తలుచుకోకుండా ఉండలేను. ఆయన పుట్టింది రేపల్లె వైపు. చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో పేరు తెచ్చుకున్నారు కాబట్టి ఆ ఊరి పేరే ఆయన ఇంటిపేరు అయిపోయింది. 1938లో సినిమాకి వచ్చారు. 1942లో పోతన, 1946లో త్యాగయ్య. రెండో దానికి దర్శకత్వం కూడా ఆయనదే. 1965లో పద్మశ్రీ. అడిగినవాళ్ళకి లేదనని చెయ్యి ఆయనది. అంత సంపాదించిన మనిషి చివరి రోజుల్లో చిన్న చిన్న వేషాలు వేసుకుంటూ ఇబ్బందుల్లోనే 1973లో పోయారు. ఆయన దానగుణాన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆయన గొంతు వింటే ఈ రోజుకీ చేతులు జోడించాలనిపిస్తుంది. కానీ అంతటి కళాకారుడికి ఆ ముసలితనం వచ్చి ఉండకూడదు. మీలో ఒక్కరికి కూడా రాకూడదు.

కాగితం గురించి ఒక్క మాట. ఒక సినిమాకి 11 రోజులు పనిచేశాను, 3 రోజుల డబ్బు ముట్టింది. అగ్రిమెంటు లేదు. అడిగేందుకు నా దగ్గర ఏమీ లేదు. ఇప్పుడు ఎంత చిన్న వేషమైనా, రోజుకు ఎంత, ఎన్ని రోజులు, డబ్బింగుకు వేరేగా ఇస్తారా, బేటా, అంటే రోజువారీ ఖర్చుల డబ్బు, ఎంత, ఇవన్నీ మేనేజర్‌కు మెసేజ్ పెట్టి "ఓకే" అనిపించుకున్నాకే బ్యాగు సర్దుతాను. ఆడిషన్‌కు డబ్బులడిగితే అక్కడినుంచి వచ్చేయండి. వేషం ఇచ్చేవాడు మీకు డబ్బివ్వాలి గానీ మీ దగ్గర తీసుకోడు.

చెల్లెళ్ళకి విడిగా ఒకటి. షూటింగ్ కూడా పనిచేసే చోటే. 2013 చట్టం ప్రకారం పదిమంది అంతకు మించి పనిచేసే సంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదు తీసుకునే కమిటీ ఉండాలి. అందులో ఎవరున్నారని మొదటి రోజే అడగండి. అడిగితే చెడ్డ అనుకుంటారేమోనన్న టెన్షన్ వద్దు. హోటల్ గదిలో కథ చెబుతామంటే, ఆఫీసుకు వస్తాను అని చెప్పండి.

మన యాస సంగతి కూడా చెప్పాలి. నేను పోయిన కొత్తలో "ఈ యాస పోగొట్టుకుంటేనే వేషాలు" అన్నారు. కష్టపడి పోగొట్టుకున్నాను. 2021లో పుష్ప వచ్చాక పెద్ద పెద్ద హీరోలకి చిత్తూరు యాస నేర్పడానికి మనుషుల్ని వెతికారు. నాకూ ఒక ఫోన్ వచ్చింది. అప్పుడు మా అమ్మ దగ్గర కూర్చుని నా మాట నేనే మళ్ళీ నేర్చుకున్నాను. మీరు ఆ తప్పు చేయకండి. పుస్తక భాష శుభ్రంగా నేర్చుకోండి, ఇంటి మాటని అట్నే పెట్టుకోండి. ఇంకొక సంగతి, మన జిల్లాల్లో చాలామందికి అరవం వస్తుంది, కుప్పం, పలమనేరు వైపు కన్నడం కూడా వస్తుంది. చెన్నై మనకి మూడు, నాలుగు గంటల దారి. రెండు భాషల్లో తడబడకుండా మాట్లాడే నటుడికి పని చూపించే తలుపులు రెండు.

ఇంక మాటలు చాలు. ఈ రోజుల్లో ముందు అడిగేది సెల్ఫ్ టేపే, అంటే మన నటనను మనమే ఫోన్‌లో తీసి పంపే వీడియో, అది ఇక్కడే చేద్దాం. ఆ కిటికీ ఎదురుగా ఉన్న తెల్లగోడ దగ్గర నిలబడాలి, వెలుగు ముఖం మీద పడాలి. ఫోన్ అడ్డంగా పట్టుకోవాలి, ఫ్యాన్ ఆపేయాలి. పేరు, ఎత్తు, వచ్చే భాషలు చెప్పి, కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి తిరగండి. తర్వాత నిన్న మీకిచ్చిన సీను రెండు రకాలుగా చేయండి. ఎదుటి పాత్ర మాటలు నేను పక్కనుంచి అందిస్తాను. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. ఆ చివర పచ్చ చుడీదార్ అమ్మాయి, నువ్వు రామ్మా ముందు.