రాత్రి రెండింటికి మోగే ఫోన్: సిస్టమ్ అడ్మిన్ల అలసటపై స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. అన్నీ సవ్యంగా నడిచినంతకాలం ఎవరికీ గుర్తురాని వాళ్ల గురించి ఈరోజు చర్చ. సిస్టమ్ అడ్మిన్లు, అంటే సంస్థల సర్వర్లు, నెట్‌వర్క్‌లు ఆగకుండా చూసేవాళ్లు. హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా సర్వర్లు చూస్తున్న సీనియర్ అడ్మిన్, ఒక సైకియాట్రిస్ట్, ఒక ఐటీ ఆపరేషన్స్ మేనేజర్ మనతో ఉన్నారు. సార్, ఈ ఉద్యోగంలో మనిషిని పిండేసేది ఏంటి?

అడ్మిన్: పని కాదండీ, పని ఎంతున్నా చేస్తాం. ఫోన్ ఎప్పుడు మోగుతుందో తెలియకపోవడమే అసలు బాధ. ఆన్‌కాల్ వారం, అంటే ఏ వేళ పిలిచినా పలకాల్సిన డ్యూటీ, వచ్చిందంటే సినిమాకి వెళ్లలేం, వెళ్లినా ల్యాప్‌టాప్ బ్యాగ్ కాళ్ల దగ్గరే ఉంటుంది, స్నానానికి వెళ్తే ఫోన్ బాత్రూమ్ కిటికీలో పెట్టుకుంటాం. సర్వర్‌లో తేడా వస్తే ఫోన్‌కి వచ్చే అలర్ట్‌లకి నేను వేరే రింగ్‌టోన్ పెట్టుకున్నాను. మొన్న ఒక పెళ్లి భోజనాల్లో పక్క వరుసలో ఎవరి ఫోనో అదే టోన్‌తో మోగింది. అన్నం కలుపుతున్న చెయ్యి అలాగే ఆగిపోయింది, గుండె దడదడ. నాకు ఆ వారం డ్యూటీయే లేదు!

యాంకర్: డాక్టర్ గారూ, దీన్ని జబ్బు అనొచ్చా?

డాక్టర్: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల జాబితా ఐసీడీ-11లో బర్నవుట్, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడం, ఉంది, కానీ జబ్బుగా కాదు, పనిచేసే చోట పుట్టే పరిస్థితిగా. సత్తువంతా హరించుకుపోవడం, ఉద్యోగం మీద విరక్తి, చేతనైన పని కూడా సరిగ్గా చేయలేకపోతున్నామనిపించడం దాని లక్షణాలు. ఇది ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, నా దగ్గరికి వచ్చేవాళ్లు "నేనే వీక్ మేడమ్, మిగతావాళ్లంతా బాగానే నెట్టుకొస్తున్నారు" అంటారు. ధ్యానం, వాకింగ్ మంచివే, నేనూ చెప్తాను. కానీ రాత్రి మూడుసార్లు లేపే ఫోన్‌ని అలాగే ఉంచి పొద్దున ప్రాణాయామం చేయమంటే ఏం లాభం?

మేనేజర్: మేడమ్, ఒప్పుకుంటాను. కానీ హాస్పిటల్ సర్వరో, పేమెంట్ల సర్వరో ఆగిపోతే రాత్రయినా ఎవరో ఒకరు లేవాల్సిందే కదా.

అడ్మిన్: లేవడానికి మాకు అభ్యంతరం లేదు సార్. దేనికి లేపుతున్నారన్నదే గొడవ. డిస్క్ 80 శాతం నిండిందని రాత్రి రెండింటికి అలర్ట్ వస్తుంది, లాగిన్ అయి చూసేసరికి ఏదో బ్యాకప్ జాబ్ తాత్కాలిక ఫైళ్లు అవి, దానంతటదే తగ్గిపోతుంది. అది పొద్దున టికెట్‌గా, అంటే చేయాల్సిన పనుల జాబితాలో ఒకటిగా, వస్తే చాలు. ఇలాంటివి రోజూ వస్తుంటే చివరికి నిజమైన అలర్ట్‌ని కూడా నిద్రమత్తులో పక్కకి తోసేస్తాం. గూగుల్‌లో ఆన్‌కాల్ టీములకి 12 గంటల షిఫ్ట్‌లో రెండు ఇన్సిడెంట్లే పరిమితి అని లెక్క పెట్టుకున్నారు. సమస్య ఆపడం, కారణం వెతకడం, రిపోర్ట్ రాయడం అన్నీ కలిపితే ఒక్కోదానికి ఆరు గంటల దాకా పడుతుందని. మన దగ్గర ఆ లెక్క వేసేవాళ్లే లేరు.

యాంకర్: 2024 జులై 19 ప్రస్తావన రాకుండా ఈ చర్చ పూర్తి కాదు.

అడ్మిన్: క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన తప్పు అప్‌డేట్‌తో ప్రపంచమంతా కంప్యూటర్లు ఆగిపోయిన రోజు! శుక్రవారం పొద్దున, మన టైమ్ తొమ్మిదిన్నర దాటాక. అప్‌డేట్‌ని గంటన్నర లోపే వెనక్కి తీసుకున్నారు, కానీ అప్పటికే దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది. శంషాబాద్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు అందరూ చూశారు. వాటి వెనక మనుషుల్ని చూడలేదు. చాలా మెషీన్ల దగ్గరికి స్వయంగా వెళ్లి, సేఫ్ మోడ్‌లోకి తెచ్చి, ఒక ఫైల్ తీసేయాలి. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే ఆ పొడుగాటి రికవరీ నంబర్ కొట్టాలి, ఒక్కో మెషీన్‌కి ఒక్కో నంబర్. ఆ వారాంతం ఇంటికి వెళ్లని వాళ్లు ఎంతోమంది.

డాక్టర్: అలాంటి రోజు తర్వాత వాళ్లకి విశ్రాంతి ఇచ్చారా?

అడ్మిన్: చాలాచోట్ల సోమవారం పొద్దున మీటింగ్ పెట్టారు మేడమ్.

మేనేజర్: దీనికి జవాబు చెప్పాల్సింది మాలాంటి వాళ్లమే. 2017 జనవరిలో, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో రాత్రి పొద్దుపోయేదాకా సమస్యతో కుస్తీ పట్టిన ఇంజినీర్, వేరే సర్వర్ అనుకుని అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. కంపెనీ అతన్ని దోషిగా నిలబెట్టలేదు, రికవరీని యూట్యూబ్‌లో లైవ్ పెట్టింది, బ్యాకప్‌లు ఎందుకు పనిచేయలేదో బయటికే రాసింది. మన దగ్గర ముందు అడిగేది "ఎవరు చేశారు?" అని. ఆ ప్రశ్న మారనంతకాలం అడ్మిన్‌కి టెన్షన్ తగ్గదు.

యాంకర్: విజయవాడ నుంచి ఒక వీక్షకుడి ప్రశ్న. కాలేజీలో ఆయన ఒక్కరే అడ్మిన్, సెలవులో ఉన్నా వైఫై పోయిందని ఫోన్లు, ఆదివారం ప్రింటర్‌కి కూడా పిలుస్తారట. ఏం చేయాలి?

అడ్మిన్: తమ్ముడూ, ముందు ఒక కాగితం రాసి ప్రిన్సిపాల్ గారి చేత సంతకం పెట్టించుకో. రాత్రి పిలవాల్సినవి ఏవి, పొద్దుటిదాకా ఆగేవి ఏవి. ప్రింటర్ రెండో జాబితాలోకి వెళ్లాలి. తర్వాత రౌటర్ రీస్టార్ట్, యూపీఎస్ చూడటం లాంటివి ల్యాబ్ అసిస్టెంట్‌కి నేర్పు, ఒక్కో మెట్టూ ఫొటోలతో రాసిపెట్టు. నీకు మాత్రమే తెలిసిన పాస్‌వర్డ్ ఒక్కటి ఉన్నా నీకు సెలవు లేనట్టే.

డాక్టర్: ఆయనకి ఇంకో మాట. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఫోన్ చూస్తేనే చెమటలు పట్టినా డాక్టర్‌ని కలవండి. బతుకు మీదే ఆశ పోతున్నట్టుంటే ఆలస్యం చేయొద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

యాంకర్: మేనేజర్ గారూ, మీ టీమ్‌లో రేపు మార్చగలిగేది ఒక్కటి చెప్పండి.

మేనేజర్: రాత్రి అలర్ట్‌కి లేచినవాళ్లు మర్నాడు మధ్యాహ్నం రావచ్చు. లీవ్ కట్ చేయం.

అడ్మిన్: నోటిమాటగా వద్దు సార్. మీరు మారితే ఆ మాటా పోతుంది. పాలసీలో రాయించండి, పొద్దున టీమ్ అంతా కలిసే స్టాండప్ మీటింగ్‌కి రాలేదని ఎవరూ అడగకూడదని కూడా.

మేనేజర్: స్టాండప్ సంగతి నా చేతిలోదే, అది రేపటి నుంచే. పాలసీకి హెచ్‌ఆర్ ఒప్పుకోవాలి, ఈ వారమే మెయిల్ పెడతాను.

అడ్మిన్: మాకూ కాపీ పెట్టండి సార్.