24 అడుగుల్లో రెండు 12 అడుగుల గదులు పట్టవు: ఎక్సెల్‌లో ఇంటి ప్లాన్ గీసుకుందాం

నమస్కారం అండీ. ఇల్లు కట్టుకుందాం అనుకున్న ప్రతి ఇంట్లోనూ ఒక నోట్‌బుక్ ఉంటుంది. దాని వెనక పేజీలో పెన్నుతో గీసిన గదులు, పక్కన 12×12, 10×11 అంటూ అంకెలు. ఆ కాగితం పట్టుకునే ఇంజనీర్ దగ్గరికి వెళ్తాం. కొన్ని ఊళ్లలో అయితే నేరుగా మేస్త్రి దగ్గరికే. ఆ అంకెలన్నీ కూడితే స్థలంలో పడతాయా లేదా అన్నది చాలాసార్లు ముగ్గు పోసే రోజుకి గానీ తేలదు.

ఒక లెక్క చూడండి. 200 గజాల ప్లాటు, 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. మన దగ్గర చాలా లేఅవుట్లలో కనిపించే కొలత ఇది. రెండు పక్కలా మూడేసి అడుగులు ఖాళీ వదిలామనుకుందాం. ఎంత వదలాలన్నది మీ మున్సిపాలిటీ, మీ రోడ్డు వెడల్పు బట్టి మారుతుంది, ఇది కేవలం ఉదాహరణ. ఇక మిగిలింది 24 అడుగులు. ఇంట్లో అందరూ ఏమంటారు? "పక్కపక్కన రెండు 12 అడుగుల గదులు వస్తాయి." రావండి. బయటి గోడలు రెండూ తొమ్మిదేసి అంగుళాలు, అంటే అడుగున్నర పోయింది. మధ్య గోడ నాలుగున్నర అంగుళాలది, రెండు వైపులా ప్లాస్టరింగ్ కలిపితే దాదాపు ఆరంగుళాలు. మొత్తం రెండడుగులు గోడలే తినేశాయి. మిగిలింది 22. గదికి 11 అడుగులు.

ఇది తెలుసుకోవడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఆఫీసు లెక్కలకీ, పిల్లల ప్రాజెక్టులకీ వాడే ఎక్సెల్ చాలు. రండి, స్క్రీన్ మీదే చేద్దాం.

కొత్త షీట్ తెరవండి. పైన ఎడమ మూలన, ఏ అనే కాలమ్‌కి పక్కన, ఒకటి అనే వరుసకి పైన చిన్న త్రికోణం ఉంది చూశారా? దాన్ని నొక్కితే షీటంతా సెలెక్ట్ అవుతుంది. ఇప్పుడు గడుల్ని చదరంగా చేయాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. కాలమ్ వెడల్పు దగ్గర 10, రో ఎత్తు దగ్గర 10 అని టైప్ చేస్తారు, గడి మాత్రం అడ్డంగా సాగినట్టు వస్తుంది. ఎందుకంటే ఎక్సెల్ కాలమ్ వెడల్పుని అక్షరాల్లో కొలుస్తుంది, వరుస ఎత్తుని పాయింట్లలో. రెండూ వేర్వేరు కొలతలు. అందుకని టైప్ చేయకండి. రెండు కాలమ్‌ల మధ్య గీతని మౌస్‌తో పట్టుకుని లాగండి, పక్కనే పిక్సెల్స్ ఎన్నో చూపిస్తుంది. 10 పిక్సెల్స్ దగ్గర వదిలేయండి. వరుసలకీ అంతే, 10 పిక్సెల్స్. షీటంతా గ్రాఫ్ కాగితం అయిపోయింది.

ఒక్కో గడి ఎంత అనుకోవాలి? అడుగు అనుకుంటే గీయడం తేలికే, కానీ గోడలు చూపించడానికి కుదరదు, మళ్లీ మొదటికే వస్తాం. మూడంగుళాలు పెట్టుకోండి. అప్పుడు అడుగుకి నాలుగు గడులు. బయటి గోడ మూడు గడులు, లోపలి గోడ రెండు గడులు. ప్లాటు 30 అడుగులంటే 120 కాలమ్‌లు, 60 అడుగులంటే 240 వరుసలు. జూమ్ తగ్గించుకుంటే మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది.

గోడలు పడే గడుల్ని సెలెక్ట్ చేసి ముదురు రంగు నింపండి. గది పేర్లు రాయడానికి గడుల్ని మెర్జ్ చేయొద్దు, అంటే చాలా గడుల్ని కలిపి ఒకే గడి చేయొద్దు, దయచేసి. జపాన్‌లో ఇలా చదరపు గడులతో ఆఫీసు ఫారాలు తయారు చేసే అలవాటు బాగా ఉంది, అక్కడే దాని మీద పెద్ద విమర్శా ఉంది: అడుగడుగునా మెర్జ్ చేసిన షీటుని తర్వాత ఎవరూ మార్చలేరు, అందులోని లెక్కల్ని ఇంకోచోట వాడుకోలేరు. మనకీ అదే ఇబ్బంది వస్తుంది. గోడని ఒక అడుగు జరపాలంటే మెర్జ్ చేసిన గడులు అడ్డం పడతాయి. పేర్లకి టెక్స్ట్ బాక్స్ పెట్టండి.

ఇప్పుడు సామాను. ఈ వీడియోలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. ఖాళీ స్థలంలో ముగ్గు గీతల మధ్య నిలబడితే ఏ గదైనా చిన్నగానే అనిపిస్తుంది. కాబట్టి కంటిని నమ్ముకుని "చాలు", "చాలదు" అనుకోవడం కుదరదు. మంచం గీస్తేనే తెలుస్తుంది.

ఇన్సర్ట్‌లో షేప్స్‌కి వెళ్లి రెక్టాంగిల్ తీసుకోండి. ఆల్ట్ కీ నొక్కిపట్టి గీయండి. అప్పుడు ఆ బొమ్మ అంచులు గడుల గీతలకే అతుక్కుంటాయి, కొలత తప్పదు. కింగ్ సైజు పరుపు ఆరడుగులు బై ఆరున్నర, అంటే 24 గడులు, 26 గడులు. బీరువా లోతు రెండడుగులు, ఎనిమిది గడులు. ఇందాకటి 11 అడుగుల గదిలో తలగడ వైపు ఒక గోడకి, ఎదురుగా బీరువా పెట్టండి. మంచం ఆరున్నర, బీరువా రెండు, మొత్తం ఎనిమిదిన్నర. మధ్యలో రెండున్నర అడుగులు. ఇప్పుడు బీరువా తలుపు తెరవండి, అదో అడుగున్నర బయటికొస్తుంది. మనిషి నిలబడటానికి ఒక్క అడుగు. మంచం చట్రం, తలాపు చెక్క కలిస్తే ఆ కాస్తా ఉండదు. స్లైడింగ్ తలుపులు పెట్టాలా, మంచం తిప్పాలా, బీరువా పక్క గోడకి మార్చాలా, ఈ మాటలు ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోవచ్చు. గోడ లేచాక మాట్లాడుకుంటే డబ్బు ఖర్చవుతుంది.

గది తలుపుకి కూడా అంతే. షేప్స్‌లో ఆర్క్ ఉంటుంది, అది పెట్టగానే పావు వృత్తమే వస్తుంది. మూడడుగుల తలుపుకి 12 గడుల వ్యాసార్థం వచ్చేలా ఆర్క్ గీయండి. తలుపు రెక్క తిరిగే చోటంతా కనిపిస్తుంది. ఆ చోట స్విచ్ బోర్డు రాకూడదు, బీరువా రాకూడదు. తలుపు వెనక స్విచ్ ఉన్న ఇళ్లు మీరూ చూసే ఉంటారు.

సామాను అంతా ఒకసారి గీశాక ఒక్కోదాని మీద రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ షేప్, అందులో ప్రాపర్టీస్‌లో, గడులతో పాటు జరగకుండా సాగకుండా ఉండే ఆప్షన్ ఎంచుకోండి. లేకపోతే ఎక్కడైనా కాలమ్ వెడల్పు మారిస్తే మంచం కూడా సాగుతుంది.

మెట్లు. నోట్‌బుక్ ప్లాన్లలో మెట్లకి ఒక చిన్న గడి గీసి వదిలేస్తారు. అంతస్తు ఎత్తు పది అడుగులు, అంటే 120 అంగుళాలు. 18 మెట్లు పెడితే ఒక్కో మెట్టు ఎత్తు ఆరున్నర అంగుళాల పైచిలుకు, పెద్దవాళ్లు కూడా హాయిగా ఎక్కుతారు. మధ్యలో ల్యాండింగ్ ఇచ్చి రెండు వరసలుగా తిప్పితే, వరసకి తొమ్మిది ఎక్కులు. తొమ్మిదో ఎక్కు ల్యాండింగ్ మీదికే కాబట్టి అడుగు పెట్టే పలకలు ఎనిమిది. ఒక్కోటి 10 అంగుళాలు, మొత్తం 80 అంగుళాలు, ఆరడుగుల ఎనిమిదంగుళాలు. ల్యాండింగ్ మూడడుగులు కలిపితే తొమ్మిదడుగుల ఎనిమిదంగుళాలు. వెడల్పు మూడేసి అడుగుల వరసలు రెండు, ఆరడుగులు. గోడలు కాక మెట్లకే దాదాపు ఆరు బై పది అడుగుల స్థలం పోతుందన్నమాట. ఇది ముందే గీయకపోతే చివరికి హాల్లోంచే కోస్తారు.

ఇంకో షీటులో గదుల వైశాల్యం లెక్క వేసుకుందాం. ఇక్కడ ఒక్క జాగ్రత్త. మనం కాగితం మీద 10.10 అని రాస్తే పది అడుగుల పది అంగుళాలు అని అర్థం. ఎక్సెల్‌లో అలా కొడితే చివరి సున్నా పోయి 10.1 అవుతుంది, అంటే పది అడుగుల ఒక అంగుళం పైన. దాదాపు తొమ్మిది అంగుళాలు ఎగిరిపోయాయి. అందుకని అడుగులకి ఒక కాలమ్, అంగుళాలకి ఒక కాలమ్ పెట్టి, అంగుళాల్ని 12తో భాగించి కలపండి. వచ్చిన చదరపు అడుగుల్ని 9తో భాగిస్తే గజాలు, 435.6తో భాగిస్తే సెంట్లు. మీ 200 గజాల ప్లాటు నాలుగు సెంట్ల పైచిలుకు.

ఉత్తరం ఎప్పుడూ పైకే ఉండేలా గీయండి, మూలన బాణం పెట్టండి. తూర్పు ముఖం ఇల్లయితే రోడ్డు కుడి పక్కన వస్తుంది. అప్పుడు ఆగ్నేయంలో వంటిల్లు, నైరుతిలో పెద్ద పడకగది, ఈశాన్యంలో పూజ అని పెద్దవాళ్లు అడిగినప్పుడు షీటు తిప్పి చూడాల్సిన పని ఉండదు. కంట్రోల్ కీ పట్టుకుని కింద షీటు పేరుని పక్కకి లాగితే అచ్చంగా అలాంటిదే ఇంకో షీటు తయారవుతుంది. అమ్మ చెప్పినట్టు ఒకటి, వాస్తు పండితులు చెప్పినట్టు ఒకటి, మీకు నచ్చినట్టు ఒకటి గీసి పక్కపక్కన పెట్టుకోండి. డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉంటూ ఊళ్లో అమ్మానాన్నలకి ఇల్లు కట్టిస్తున్నవాళ్లకి ఇది మరీ ఉపయోగం. ఫైల్ ఆన్‌లైన్‌లో పెట్టుకుంటే ఇద్దరూ ఒకే షీటు చూస్తూ ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు.

ఎక్సెల్ బలహీనత ప్రింట్ దగ్గర ఉంది. పేజీలో పట్టేలా కుదిస్తే స్కేల్ పోతుంది. అందుకే ప్లాన్ కింద 10 అడుగుల పొడవు గీత ఒకటి గీసి, పైన 10 అడుగులు అని రాయండి. ప్రింట్ ఎంత కుదించినా ఆ గీత కూడా అంతే తగ్గుతుంది, దాంతో కొలుచుకోవచ్చు. స్కేల్ కచ్చితంగా కావాలంటే లిబ్రేఆఫీస్ డ్రా వాడండి, ఉచితం. ఆప్షన్స్‌లో డ్రా కింద జనరల్‌లో స్కేల్ 1:100 పెట్టి, డైమెన్షన్ లైన్ గీస్తే అసలు కొలత దానంతటదే పడుతుంది. 60 అడుగుల ప్లాటు ఆ స్కేల్‌లో 18.3 సెంటీమీటర్లు, ఏ4లో సులువుగా పడుతుంది. పవర్‌పాయింట్‌లో గీసేవాళ్లు మాత్రం స్లయిడ్ సైజు జాబితాలో ఏ3 ఎంచుకోకండి. అది అసలు ఏ3 కాగితం కొలత 42 బై 29.7 సెంటీమీటర్లు ఇవ్వదు, 35.56 బై 26.67 ఇస్తుంది. కొలత మీరే టైప్ చేయండి.

ఈ ప్లాన్ అనుమతికి పనికిరాదు. తెలంగాణలో అయినా, ఆంధ్రలో అయినా, ఆన్‌లైన్ దరఖాస్తుకి డ్రాయింగ్‌ని లైసెన్స్ ఉన్న ఇంజనీరో ఆర్కిటెక్టో గీసి సంతకం పెట్టాలి. పిల్లర్లు, బీములు కూడా వాళ్లే నిర్ణయించాలి, అందులో మనం వేలు పెట్టకూడదు. కానీ పిల్లర్ల చోట్లు వాళ్లు చెప్పగానే మీ షీటులో గీసుకోండి. 9×12 అంగుళాల పిల్లర్ నాలుగున్నర అంగుళాల గోడలో దాగదు, గదిలోకి ఉబ్బుతుంది. సరిగ్గా అక్కడే మీ బీరువా ఉందేమో చూడండి.

ఇంజనీర్‌కి పంపేటప్పుడు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో ఫోటోగా పెట్టొద్దు, కుదించేస్తుంది, అంకెలు చదవలేరు. పీడీఎఫ్‌గా సేవ్ చేసి డాక్యుమెంట్‌గా పంపండి. సామాను ఉన్న షీటు, లేని షీటు, రెండూ పంపండి.